చందా ఒకటి, చదువరులు పదుగురు

"చందా" అనే మాట మనది కాదు. పారసీకంలో "చంద్" అంటే కొన్ని, కొందరు అని అర్థం. కొందరు కలిసి తలా ఇంత వేసుకొని కూడబెట్టిన సొమ్ము చందా అయింది. ఉర్దూ గుండా మన దగ్గరికి వచ్చి గుడి చందా, నాటకం చందా, భజన చందా అంటూ నలుగురి సొమ్ముగానే బ్రతికింది. పత్రిక చందా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట అర్థం తిరగబడింది. ఒక్కరి పేరు, ఒక్కరి చిరునామా, ఒక్కరికి రసీదు. పలువురిని తెలిపే మాట ఏకవచనంలో పడిపోయిందన్న మాట!

పత్రికలు కాగితం విడిచి తెర మీదికి ఎక్కిన తరువాత ఆ ఏకవచనం మరింత బిగిసింది. చందా కట్టినవాడు ఎన్ని పరికరాల మీద చదువుకోవచ్చునో కూడా ఇప్పుడు నియమం ఉన్నది. రెండని ఒకరు, మూడని ఒకరు, ఐదని ఒకరు. అంతకు మించి మరొక దాని మీద తెరిస్తే మొదటిది మూసుకుపోతుంది. ఇది న్యాయమని కొందరు, అన్యాయమని కొందరు వాదులాడుకుంటున్నారు. నాకు మాత్రం ఈ తగవు కొత్తదిగా తోచదు. ఒక పత్రికను ఎందరు చదవవచ్చును, వారిలో ఎందరు డబ్బు కట్టాలి అనే ప్రశ్న పత్రికతోపాటే పుట్టింది. నేను పుట్టి, చదివి, పాఠాలు చెప్పి, విశ్రాంతి తీసుకుంటున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతంలో జనం ఆ ప్రశ్నకు తమకు తోచిన జవాబు ఏనాడో చెప్పుకున్నారు. ఆ జవాబును ఎవరూ వ్రాసి పెట్టినట్టు లేదు కనుక నేను వ్రాస్తున్నాను.

ముందుగా దారి సంగతి చెప్పాలి. మద్రాసు నుండి కడప మీదుగా రాయచూరు దాకా వేసిన రైలు మార్గం 1871లో బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారి మా మూడు ఊళ్ళలో దేనినీ తాకలేదు. ప్రొద్దుటూరివారు ఎర్రగుంట్లలో దిగి పెన్న దాటి పోవాలి. జమ్మలమడుగువారిదీ అంతే. పులివెందులకు ముద్దనూరులో దిగి దక్షిణంగా పోవాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు ప్రయాణికుల రైలు వచ్చింది 2016లో, ఎర్రగుంట్ల-నంద్యాల మార్గం పూర్తయిన తరువాత! పులివెందులకు ఆపాటి భాగ్యమూ కలగలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వార్త మా దగ్గరికి ఎప్పుడూ స్టేషనులో దిగి, బండి మారి, చేతులు మారి వచ్చేది. చేతులు మారడం దానికి మొదటి నుండీ అలవాటే.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించారు. 1938లో అదే మద్రాసులో ఆంధ్రప్రభ పుట్టింది. దూరపు ఊళ్ళకు పోయే ప్రతులను ముందుగా అచ్చువేసి రైలుకు అందించేవారు. దానికి డాక్ ఎడిషన్ అని పేరు. పట్నవాసి ఉదయం కాఫీతో చదివే వార్తలో సగం దానిలో ఉండేది కాదు. మిగిలిన సగం మాకు ఆ మరునాటి ప్రతిలో వచ్చేది. మన సీమలోనూ పత్రికలు లేకపోలేదు. అనంతపురంలో పప్పూరి రామాచార్యులుగారు 1926లో సాధన పత్రికను స్థాపించి ఎన్నో కష్టాలకు ఓర్చి నడిపారు. అయినా ప్రతిరోజూ కావలసిన వార్తకు మద్రాసు బండే దిక్కు.

పంతులుగారి విషయంలో మరొక ముచ్చట ఉన్నది. ఆయన పత్రికకు వెన్నుదన్ను చందాదారులు కాదు, 1893లో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనం! తెలుగువారి తలనొప్పి ఎందరికి తగ్గిందో గాని, ఆ తైలం అమ్మిన సొమ్ము తెలుగు పత్రికారంగానికి తల ఎత్తుకొనే బలం ఇచ్చింది. చదివేవాడు కట్టే డబ్బుతోనే పత్రిక నడవలేదన్న సత్యం మొదటి రోజు నుండీ మన ఎదుటనే ఉన్నది. ఈ సంగతి మిత్రులు కాస్త గుర్తుంచుకోవలసిందిగా మనవి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

మా ఊరు జమ్మలమడుగు తాలూకాలో పెన్న ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1960ల చివర నాకు ఊహ తెలిసేనాటికి ఊరికి ఒకే ఒక దినపత్రిక వచ్చేది. అది కరణంగారి పేరున వచ్చేది. పొద్దు వాలే వేళకు అది చావడికి చేరేది. బడి అయివారు అరుగు మీద కూర్చుని చదివేవారు, తక్కినవారు వినేవారు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి అక్షరాస్యులు నూటికి ఇరవై ఒక్కరు. పల్లెల్లో అంతకన్నా తక్కువే. కాబట్టి మా ఊళ్ళో "పేపరు చదవడం" అంటే వినడమే. "ఈ పొద్దు పేపరు సదివితివా?" అని అడిగితే, అక్షరం రానివాడు కూడా "సదివినా" అనే చెప్పేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఈ పద్ధతి పత్రికతో వచ్చినది కాదని నా అభిప్రాయం. పురాణ కాలక్షేపం ఇలాగే జరిగేది. భారతమో భాగవతమో ఒక్క ప్రతి. దానిని కొన్నవాడో వ్రాయించినవాడో ఒకడు, చదివేవాడు మరొకడు, అర్థం చెప్పేవాడు ఇంకొకడు, వినేది ఊరంతా. పత్రిక వచ్చి ఆ పీఠం మీద కూర్చున్నది. అందుకే మా అయివారు వార్తను ఊరకే చదివేవారు కాదు, వచనం పూర్తికాగానే ఆగి తాత్పర్యం చెప్పేవారు. 1969 జులైలో మనిషి చంద్రుని మీద కాలు మోపిన వార్త చదివిన సాయంత్రం నాకు బాగా గుర్తు. అమెరికా, రాకెట్టు, ఎగిరిన దూరం అన్నీ ఆయన విడమరిచి చెప్పిన తరువాత, వేరుసెనగ ఎండిపోతున్నదని దిగులుతో ఉన్న ఒక ముసలి రైతు "అయితే అయివారూ, ఆడ నీళ్ళుండాయా?" అని అడిగాడు. "లేవంట పెద్దాయనా" అన్నారు అయివారు. "మరి అంత దూరం పోయి ఏం లాబం?" అన్నాడాయన. చావడి అంతా నవ్వింది. ఇన్నేళ్ళ తరువాత పెద్ద పెద్ద దేశాలు చంద్రుని మీద నీటి జాడ కోసమే వ్యోమనౌకలు పంపుతుంటే నాకు ఆ ముసలాయనే గుర్తుకు వస్తాడు. ఆయన ఏనాడూ ఏ పత్రికకూ చందా కట్టి ఎరుగడు.

ఇది ఒక్క మన దేశపు పేదరికం లక్షణమనుకోరాదు. లండనులో జోసెఫ్ ఎడిసన్ తన స్పెక్టేటర్ పత్రిక రోజుకు మూడు వేల ప్రతులు పోతున్నదని 1711లో చెప్పుకుంటూ, ప్రతికి ఇరవైమంది చదువరులని లెక్క కట్టి అరవై వేలు తేల్చాడు. కాఫీ ఇళ్ళలో అందరూ చదివేవారు మరి. మరుసటి సంవత్సరమే అక్కడి ప్రభుత్వం పత్రికల మీద స్టాంపు పన్ను వేసింది. పన్ను పెరిగినకొద్దీ పత్రిక ధర పెరిగింది, ధర పెరిగినకొద్దీ కొనేవారు తగ్గి అద్దెకు తెచ్చుకొనేవారు ఎక్కువయ్యారు. పేపరు అమ్మే కుర్రవాడే గంటకు ఇంత అని పుచ్చుకొని ఇంటింటికీ త్రిప్పేవాడు. అప్పుడు ఏం చేశారయ్యా అంటే, 1789లో పార్లమెంటు ఒక శాసనం చేసి వార్తాపత్రికను అద్దెకివ్వడం నేరమన్నది! ఒక ప్రతిని పదిమంది చదివితే తొమ్మిది స్టాంపుల పన్ను నష్టమని వారి లెక్క. నేటి పరికరాల లెక్క సరిగా ఇదే లెక్క. ఆ శాసనాన్ని జనం పెద్దగా పట్టించుకోలేదు. పన్ను 1815లో నాలుగు పెన్నీలకు పెరిగి, 1836లో ఒక పెన్నీకి తగ్గి, 1855లో రద్దయింది. పత్రిక చవకయిన తరువాత అద్దె బేరం దానంతటదే సన్నగిల్లింది.

మన దగ్గర పత్రికల అద్దెను ఏ శాసనమూ నిషేధించలేదు. 1970లు, 80లలో ప్రొద్దుటూరు వీధుల్లో అద్దె పుస్తకాల అంగళ్ళు ఎన్ని ఉండేవో ఆనాటివారికి చెప్పనక్కరలేదు. వారపత్రిక వచ్చిన రోజున సీరియలు కోసం ఆడపిల్లలు తమ్ముళ్ళను తరిమేవారు. ఆ ప్రతి వారం తిరిగేలోపు ఎన్ని వంటిళ్ళు చూసేదో దాని అట్ట మీది మరకలే చెప్పేవి. ప్రచురణకర్తలకు ఇది తెలియదా? తెలుసు. ఆ మరకలన్నీ వారి రచయితల కీర్తి అని కూడా తెలుసు.

ఇక గ్రంథాలయాల సంగతి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి పేరు దానితో ముడిపడినది. మా సీమ బిడ్డ, కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఉద్యమానికి జీవితంలో పెద్ద భాగం ధారపోశారు. ఉద్యమం అనగానే మనకు పుస్తకాల బీరువాలు కళ్ళముందు మెదులుతాయి గాని, పల్లె జనాన్ని అక్కడికి రప్పించింది బీరువా కాదు, బల్ల మీది పత్రిక. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్ను మీద రూపాయికి కొన్ని పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయడం వాటి ప్రాణం. మన చట్టం క్రింద అది ఎనిమిది పైసల దాకా వచ్చింది. ఎవరూ అలా అనరు గాని, ఇది ఊరంతా కలిసి కట్టే పత్రిక చందా! పారసీక మూలార్థంలో అసలైన చందా ఇదే. ఇల్లున్నవాడు కడతాడు, ఇల్లు లేనివాడు వచ్చి చదువుతాడు. మా మూడు ఊళ్ళలోనూ శాఖా గ్రంథాలయాలున్నాయి. ప్రొద్దుటూరులో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో, తలుపు తీసే వేళకు ముందే మెట్ల మీద కొందరు కూర్చుని ఉండేవారు. మిల్లులో రాత్రి పని దిగినవారు, ఉద్యోగ ప్రకటనల కోసం వచ్చే పట్టభద్రులు, ఇంట్లో కోడలు మాట పడలేక వచ్చిన పెద్దవారు. పత్రికను నాలుగు ముక్కలుగా విడదీసి నలుగురూ పంచుకొని, తరువాత మార్చుకొనేవారు. ఒక్క ప్రతి, ఒకే సమయంలో నలుగురు. కంప్యూటరు భాషలో దీనిని ఏమంటారో నా మనుమడిని అడిగితే ఏదో పేరు చెప్పాడు. మంగలి అంగడిలోనూ టీ అంగడిలోనూ దీనిని "పంచుకోవడం" అంటారు.

టీ అంగడి అన్నాను కనుక దాని ఉపకారం చెప్పకుండా పోలేను. ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పత్తికీ పేరుపడిన ఊరు. పులివెందుల వైపు వేరుసెనగ, చీనీ తోటలు. పత్రికలో మాకు కావలసింది మొదటి పుట కాదు, ధరల పట్టిక. బంగారం ఎంత, పత్తి ఎంత, చీనీ టన్ను ఎంత. ఒక్క టీ తాగి ఆ పట్టిక చూసుకొని పోయే రైతును అంగడివాడు ఏనాడూ "పేపరు కొనుక్కోరాదా" అనలేదు. పేపరు ఉన్నదనే ఆయన అంగడికి రైతు వచ్చేది. 1982లో ఈనాడు తిరుపతి నుండి అచ్చు కావడం మొదలయ్యాక తెల్లవారేసరికి ఆనాటి పేపరు చేతికి వచ్చింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక మా ఊరి పేరే అచ్చులో కనబడసాగింది. కొనేవారు పెరిగారు, నిజమే. కానీ కొన్న ప్రతి కూడా ఒక్కడి దగ్గర ఆగేది కాదు.

ఒక్క రోజు మాత్రం అది యుద్ధమయ్యేది. పదో తరగతి ఫలితాల రోజు! సన్నని అచ్చులో పుటల కొద్దీ నంబర్లు. బస్టాండులో ఏజెంటు కట్ట విప్పేలోపే పేపర్లు మాయం. దొరికిన ఒక్క ప్రతి చుట్టూ యాభైమంది పిల్లలు. అప్పుడు గొంతున్నవాడెవడో గోడ మీదికి ఎక్కి నంబర్లు చదివేవాడు. నేను ముప్పై ఏళ్ళు బడిపంతులుగా ఆ గుంపులను చూశాను. నంబరు వినబడని పిల్లవాడు పేపరు అడిగి తీసుకొని, వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ వెదికేవాడు. వెనుక నలభైమంది ఎదురుచూస్తున్నా ఆ పిల్లవాడి చేతిలో నుండి ఎవ్వరూ లాక్కొనేవారు కాదు.

చివరకు అదే కాగితం తూకానికి పోయి బొరుగుల పొట్లమై తిరిగి వచ్చేది. బొరుగులు తిని పొట్లం విప్పి చదివిన పిల్లలు నా తరగతుల్లో కొందరున్నారు. పత్రికకు అది కడపటి పాఠకుడు. తలా తోకా లేని ఒక వార్త ముక్కతో వచ్చి "సార్, దీని తర్వాత ఏమైంది?" అని అడిగేవారు!

రేడియోకు వస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. 1963లో కడపకు ఆకాశవాణి వచ్చింది. ఆ రోజుల్లో రేడియో ఉన్నవాడు ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. వార్త వినే పరికరానికి సర్కారు కట్టిన లెక్క అది. అయితే అందులో ఒక వివేకం ఉండేది. ఇంటి రేడియోకు ఒక రుసుము, నలుగురూ వచ్చే హోటలు రేడియోకు అంతకన్నా ఎక్కువ. పలువురు వింటారని ఒప్పుకొని, దానికొక ధర పెట్టారే గాని, వినరాదని అనలేదు. ఆ లైసెన్సులు 1980లలో పోయాయి. పంచాయతీ ఆఫీసు ముందు గూటిలో పెట్టిన రేడియో చుట్టూ మూగిన జనాన్ని ఎవరూ లెక్కించలేదు.

ఇప్పుడు తెర దగ్గరికి వద్దాం. 2011 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ నెలకు ఇరవై వ్యాసాలు ఉచితం, ఆపైన చందా అని గోడ కట్టింది. మన దేశంలో హిందూ పత్రిక 2019లో అదే దారి పట్టింది. తప్పేమీ లేదు. విలేకరికి జీతం ఇవ్వాలి కదా! తెర మీద ప్రకటనల సొమ్ము చాలావరకు పత్రికలకు కాక వెదుకుడు యంత్రాలకూ స్నేహవేదికలకూ పోతున్నది. అమృతాంజనం లేని నాగేశ్వరరావు పంతులుగారిని ఊహించుకోండి, నేటి పత్రికాధిపతి పరిస్థితి అది. కాబట్టి చదివేవాడే కట్టాలి. నేను కడుతున్నాను కూడా.

ఏ పత్రికకో చెప్పను గాని, ఒక ఆంగ్ల పత్రికకు మూడేళ్ళుగా సంవత్సరం చందా కడుతున్నాను. నేను ప్రొద్దుటూరులో, మా అన్నగారు జమ్మలమడుగులో, చెల్లెలు పులివెందులలో ఉంటాము. నాన్నగారి కాలం నుండీ మా ఇంటికి ఒకే పేపరు. ఆ లెక్కనే ముగ్గురమూ చదువుకుంటున్నాము. మూడు పరికరాలకు అనుమతి ఉన్నది, మూడు ఫోన్లు, సరిపోయింది. ఇంతలో మనుమడు నా కోసం పెద్ద అక్షరాల పలక ఒకటి కొని ఇచ్చాడు. అది నాలుగోది. దాన్ని తెరిస్తే అన్నగారి ఫోనులో పత్రిక మూసుకుంటుంది. ఆయన మళ్ళీ తెరవబోతే నా ఫోనుకు ఆరంకెల సంఖ్య వస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి పులివెందుల నుండి ఫోను. "అన్నా, నంబరు చెప్పన్నా, బేగి, నిమిషమే టైముంది!" మా ఇంట్లో సుప్రభాతం ఇప్పుడు ఇదే. వారి కార్యాలయానికి ఉత్తరం వ్రాస్తే, ఒక చందా ఒక కుటుంబానికి మాత్రమేనని మర్యాదగానే జవాబు ఇచ్చారు.

కుటుంబం అంటే ఏమిటి? మా ధర్మశాస్త్రాల్లో దీని మీద జరిగినంత చర్చ మరి దేని మీదా జరగలేదేమో. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడవ శతాబ్దంలో కేతన తెనిగించాడు. ఆ సంప్రదాయంలో అవిభక్త కుటుంబానికి గుర్తు అన్నం, అర్చన, ఆస్తి కలిసి ఉండడం. అన్నదమ్ములు వేర్వేరు ఊళ్ళలో ఉన్నంత మాత్రాన విడిపోయినట్టు కాదు. కంపెనీల ధర్మశాస్త్రంలో కుటుంబమంటే ఒకే వైఫై నీడన ఉన్నవారు. 2017లో రహస్యపదం పంచుకోవడమే ప్రేమ అని సరదాగా ప్రకటించిన సినిమాల సంస్థ నెట్‌ఫ్లిక్స్, 2023 జులైలో మన దేశంలో ఒక ఇంటికే ఒక ఖాతా అని కట్టడి చేసింది. గల్ఫులో కొడుకు, బెంగళూరులో కూతురు, ఊళ్ళో ముసలివారు ఉన్న ఇల్లు మా జిల్లాలో వీధికొకటి ఉంటుంది. వారంతా ఈ కొత్త స్మృతి ప్రకారం ఏనాడో వేరుపడినవారే!

న్యాయంగా మాట్లాడాలంటే అవతలి పక్షమూ చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి పేపరు ముట్టుకొంటే జబ్బు వస్తుందన్న భయంతో జనం ప్రతులు మానుకున్నారు. అదే సమయంలో పత్రికలన్నీ పీడీఎఫ్ రూపంలో వాట్సాపులోకీ టెలిగ్రాములోకీ వచ్చిపడ్డాయి. ఎవడో ఒక్కడు చందా కడతాడు, వేలమందికి పంపుతాడు. దైనిక్ జాగరణ్ వారు కోర్టుకు వెళితే, ఢిల్లీ హైకోర్టు 2020 మే నెలలో ఆ పత్రికను పంచుతున్న ఛానళ్ళను తొలగించమని టెలిగ్రాముకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సరైనదే అంటాను. చావడిలో పంచుకున్నది ఒక్క ప్రతి. నా చేతిలో ఉన్నంతసేపు నీ చేతిలో లేదు. దాని చిరుగు, మరక, వంతు కోసం ఎదురుచూపు, ఇవే దానికి కంచె. పీడీఎఫ్ నా దగ్గర ఉండగానే వేయిమంది దగ్గర ఉంటుంది. అది పంపకం కాదు, పునర్ముద్రణ. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "సార్, మన పాతకాలం పద్ధతే కదా" అని సమర్థించుకొనేవారితో నాకు పేచీ.

కానీ పునర్ముద్రణను ఆపడానికి వేసిన కంచె చావడినీ మూసివేస్తున్నది. అసలు బాధ అక్కడ ఉన్నది. టీ అంగడివాడు కాగితం పేపరు కొంటే అది రోజంతా అందరిదీ. అతడే తెర పత్రికకు చందా కడితే తన జేబులోని ఫోను బల్ల మీద పెట్టి పోలేడు కదా. గ్రంథాలయానికి ఇన్ని పత్రికల తెర చందాలు కట్టే వెసులుబాటు ఎక్కడిది? పన్ను ఎనిమిది పైసలే, మునిసిపాలిటీలు దానినీ సకాలంలో జమ చేయవని గ్రంథాలయాలవారి పాత మొర. డబ్బు కట్టగలిగినవాడికి గోడ లోపల వార్త, కట్టలేనివాడికి గోడ బయట వదంతి అన్నట్టు తయారయింది. వాట్సాపులో వదంతికి పరికరాల పరిమితి ఏమీ లేదు మరి!

మా సీమలో దీనికి మరొక కోణం ఉన్నది. ఏ పత్రిక ఏ పక్షమో ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. సాక్షి 2008 మార్చిలో వచ్చాక ఆ విభజన మరీ స్పష్టమైంది. చేతిలో ఉన్న పేపరును బట్టి మనిషిని గుర్తుపట్టే ఊళ్ళు ఉన్నాయి. ఇంటికి ఒక పేపరే తెప్పించుకొన్నా, టీ అంగడిలో రెండూ ఉండేవి. తనది కాని పక్షం పేపరును మనిషి అక్కడే, ఎవరూ వేలెత్తి చూపకుండా, "ఊరికే తిరగేస్తున్నా" అన్నట్టు చదివేవాడు. అంగడివాడు ఎవరు ఏది చదివారో చూసీ చూడనట్టు ఉండేవాడు. తెర పత్రిక అలా ఊరుకోదు. ఎవరు, ఏ ఊరినుండి, ఏ వార్త, ఎంతసేపు అన్నీ వ్రాసి పెట్టుకుంటుంది. చందా రాజకీయం ఎంతదాకా పోయిందంటే, 2022 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు చేసింది. అది సాక్షి ప్రతులు పెంచడానికేనని ఈనాడు యాజమాన్యం న్యాయస్థానానికి వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు పంపింది. 2024లో ప్రభుత్వం మారి ఆ వాలంటీర్ల వ్యవస్థే నిలిచిపోయింది. తప్పొప్పులు నేను తేల్చేవి కావు. ప్రతి ఎవరు కొన్నారన్న లెక్కకు ఇంత కొట్లాట జరిగింది గాని, ఆ ప్రతిని ఎవరు చదివారన్న మాట ఒక్కరూ ఎత్తలేదన్నదే నాకు విచిత్రంగా తోచింది.

అమృతాంజనం సంగతి గుర్తుంచుకోమన్నాను. 1948లో ప్రతుల లెక్క చూడటానికి ఆడిట్ బ్యూరో ఏర్పడింది. అమ్ముడైన ప్రతులే దానికి ప్రమాణం. తరువాత ప్రకటనలవారు "ప్రతి ఎవరు కొన్నారో కాదు, ఎందరు చదివారో చెప్పండి" అని పాఠకుల సర్వేలు చేయించారు. ప్రతికి ఇంతమంది అని గుణించి, ఆ సంఖ్య చూపించి ప్రకటనలు సంపాదించుకున్నాయి పత్రికలు. అంటే చావడిలో, టీ అంగడిలో, మంగలి అంగడిలో చదివిన ఉచితపు పాఠకుడు నిజానికి ఉచితం కాదు. వాడి కన్నులను చూపించే పత్రిక సబ్బుల కంపెనీ దగ్గర డబ్బు పుచ్చుకున్నది. వాడు కట్టకుండానే కట్టినవాడు. తెర మీదికి వచ్చేసరికి వాడే దొంగ అయ్యాడు.

రేడియో లైసెన్సులో ఉన్నపాటి వివేకం ఇప్పుడు కరవైందంటాను. ఇంటికి ఒక ధర, అంగడికి కాస్త పెద్ద ధర, గ్రంథాలయానికి మరొకటి పెట్టి, ఒక తెరను గోడకు తగిలించి "ఇక్కడ ఎవరైనా చదువుకోవచ్చును" అనడానికి యంత్రపరమైన అడ్డంకి ఏమీ లేదని మనుమడు చెబుతున్నాడు. ఒకేసారి ఎన్ని పరికరాలు తెరిచి ఉన్నాయో లెక్కించినా చాలునట, మొత్తం ఎన్ని పరికరాలున్నాయో లెక్కించనక్కరలేదట. మేము ముగ్గురమూ ఒకే నిమిషంలో చదవము కదా. అన్నగారిది వేకువ, నాది పూజ తరువాత, చెల్లెలిది సాయంత్రం. వంతులు వేసుకొని చదవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

చెల్లెలి సాయంత్రం గురించి ఒక మాట. పులివెందులలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఆరేడుగురు చీకటి పడే వేళకు ఆమె ఇంటి కట్ట మీద చేరుతారు. కొందరికి ఇంగ్లీషు రాదు, ఇద్దరికి కన్ను ఆనదు, ఒకామె అసలు బడి ముఖం చూడలేదు. మా చెల్లెలు ఫోను పట్టుకొని చదువుతూ తెలుగులో చెబుతుంది. మొన్న నేను అక్కడ ఉన్న రోజున ఏదో దేశంలో ఎన్నికల వార్త సగం దాకా వచ్చేసరికి తెర నల్లబడి, మరొక పరికరంలో తెరిచినందువల్ల ఇక్కడ మూసివేస్తున్నామని అక్షరాలు పడ్డాయి. జమ్మలమడుగులో అన్నగారు తెరిచినట్టున్నారు. నా ఫోనుకు సంఖ్య వచ్చింది, చెప్పాను. ఆ నిమిషంలో బడికి పోని ఆమె మా చెల్లెలి మోచేయి తట్టి, "అది పోనీలే గాని అక్కా, చీనీ రేటు ఏమన్నా రాసినారా?" అని అడిగింది.